లచ్చమ్మ వేషం

సికింద్రాబాద్ స్టేషన్ ముందు, పట్టపగలు, మా కళ్లెదురుగా జరిగింది ఇది.

పోలీసు యాక్షన్ అయిన చలికాలం. రజాకార్ల పీడ వదిలిందని దుకాణం దుకాణానికీ జెండాలు కట్టారు. ఆ జెండాల కిందనే మిలిటరీ లారీ ఆగింది. సూర్యాపేట దిక్కు పల్లెల్లో పట్టుకున్న ఆడవాళ్లను ఒకే తాడుకు కట్టి, జైలుకు పంపడానికి కిందికి దింపుతున్నారు. నేను, మా లాలాగూడ పంతులమ్మ కాంతమణి, రైలు యార్డులో బొగ్గు ఏరుకునే బాలమ్మ బజారునుంచి వస్తూ ఆగిపోయాం.

తాడులో ఒకామె బాలమ్మను గుర్తుపట్టింది.

"బాలక్కా! మీ లచ్చమ్మను సంపిన్రే! దొర దగ్గరుండి సంపిచ్చిండే!"

జవాను తుపాకీ మడమతో ఆమె నోటిమీద కొట్టాడు. రక్తం, దాంతోపాటు పళ్లు, రోడ్డుమీద పడ్డాయి. కాంతమణి ఉరికింది. "ఏం మనిషివయ్యా నువ్వు! కట్టేసిన ఆడదాన్ని కొడతావా?" అంది. వాడు ఆమెను పక్కనున్న మురికి మోరీలోకి తోశాడు.

లచ్చమ్మ బాలమ్మకు సొంత చెల్లెలు. ఆ ఊరినుంచి పారిపోయి వచ్చినవాళ్లు మిగతా కథ చెప్పారు. నిరుడు రజాకార్లు ఇళ్లమీద పడ్డప్పుడు లచ్చమ్మ పొయ్యిమీద ఉడుకుతున్న జొన్నగట్క కుండ ఎత్తి వాళ్ల మొహాన గుమ్మరించింది. ఆడవాళ్లంతా రోకళ్లతో తరిమారు. దొర రజాకార్ల జీపులో పట్నం పారిపోయాడు. వాడి భూమిని ఊరు పంచుకుంది, దున్నుకుంది. పోలీసు యాక్షన్ అయ్యాక అదే దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని మిలిటరీ లారీలో తిరిగొచ్చాడు. భూమి వదలమన్నాడు. లచ్చమ్మ వదలనంది. బూట్లతో తొక్కి చంపారు.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసర్లనుంచి కబురొచ్చింది. రైల్వే వాళ్ల నాటకాల హాల్లో విజయోత్సవం. రజాకార్ల కాలంలో ఆడవాళ్ల తెగువ చూపించే ఆట ఒకటి కావాలట. కాంతమణి క్రిస్మస్‌కు బైబిలు కథలోని కోడలు రూతు, అత్త నయోమి రెండూ తానొక్కతే అయి ఆడేది. ఆమెనే అడిగారు.

"లచ్చమ్మను ఆడతాను," అంది కాంతమణి.

మా ఆయన యెషయా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా వాకిట్లోనే మీటింగు. యూనియన్ సెక్రటరీ సదాశివ ఒప్పుకోలేదు.

"గట్క పోసినకాడికి ఆడు, టీచరమ్మా. రజాకార్ల మీద ఎంతన్న ఆడు. మిలిటరీ జోలికి పోతే రేపు యూనియనే ఉండది."

"సగం చెబితే అబద్ధమే కదండీ, సదాశివగారూ?"

"పానాల మీదికొస్తది!"

బాలమ్మ లేచింది. "మరి నా చెల్లెది పానం గాదా సదాశివన్నా? టీచరమ్మా, ఒక్క మాట. దాన్ని ఏడ్చేటట్టు చూపియ్యకు. అది ఏడ్వలే. సచ్చేదాంక తిట్టింది. గదే చూపియ్యి."

ప్రతి సాయంత్రం బాలమ్మ చెల్లెలి నడక నడిచి చూపేది. తిట్లు నేర్పేది. కాంతమణి గుంటూరు నోటికి ఆ యాస చిక్కేదాకా వదల్లేదు. మేమంతా చుట్టూ కూర్చుని వింటుంటే మాకూ మాటలన్నీ వచ్చేశాయి.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, పోలీసు ఇన్‌స్పెక్టరు. వెనక బెంచీల్లో మేము. స్టేజీమీద కాంతమణి ఒక్కతే. కొంగు నడుముకు దోపి కుండ ఎత్తితే మాకు కుండ కనబడింది. ఆమె గొంతులోనే రజాకార్లు కేకలేస్తూ పారిపోయారు. ఇన్‌స్పెక్టరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

తర్వాత కాంతమణి నోటితోనే లారీ చప్పుడు చేసింది. దొర అయి దిగింది. తెల్లటోపీ సర్దుకుంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"భూమి ఇడుస్తవా, ఇడువవా?" అంది దొర గొంతుతో. మళ్లీ లచ్చమ్మ అయింది. నోరు తెరిచింది.

"బంద్ కరో!" ఇన్‌స్పెక్టరు లేచాడు. ఆమె ఆగలేదు. పోలీసులు స్టేజీ ఎక్కారు. మొదటి లాఠీ నెత్తిమీద పడింది. రెండోది దవడ విరిచింది. మా బెంచీలు గాల్లోకి లేచాయి. ఆడవాళ్లం ఒకరినొకరం తోసుకుంటూ ముందుకు పోయాం. బాలమ్మ ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టి ఎముక తగిలేదాకా కొరికింది. నా ఎడమ భుజం విరిగింది. పక్కింటి ఆలిస్ కన్ను పోయింది. బాలమ్మను మా గుంపులోకి లాగి దాచాం గానీ, కాంతమణిని కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు.

మూడోనాడు శవాన్ని ఇచ్చారు. ఠాణా మెట్లమీద జారిపడిందన్నారు. ఒంటిచేత్తో స్నానం చేయించింది నేనే. ఒంటినిండా బూటు గుర్తులు. మెట్లకు బూట్లుంటాయా?

చప్పుడు లేకుండా పూడ్చమని పాస్టరు ప్రభుదాస్ గారికి హుకుం. సమాధుల తోట గోడవెంట తుపాకులతో జవాన్లు, వాళ్లతో అదే ఇన్‌స్పెక్టరు. పాస్టరుగారు ప్రార్థన ముగించి, బైబిలు మూసి, "ఈ బిడ్డను చంపారు," అన్నారు. అంతే అన్నారు. అది చాలింది.

బాలమ్మ గుంత పక్కన తవ్విపోసిన మట్టికుప్ప ఎక్కింది. కొంగు దోపింది. ఆట ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఎత్తుకుంది.

"ఇడువ! నా చెమట పోసి దున్నిన. తొక్కు, ఎంత తొక్కుతవో తొక్కు. నన్ను తొక్కినవు, ఊరిని తొక్కుతవా?"

"దిగు! కాల్చేస్తా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడే గేటు దగ్గర అలజడి. వర్క్‌షాపు ఖాళీ అయి వచ్చింది. గ్రీజు చేతులతో, సుత్తులతో వందలమంది. ముందు సదాశివ. నేరుగా వచ్చి బాలమ్మ ముందు నిలబడ్డాడు.

"చెప్పు బాలమ్మా," అన్నాడు. "మొత్తం చెప్పు."

తుపాకులు పేలాయి. సదాశివ గొంతు చీలింది. బాలమ్మ చేతుల్లోనే పడ్డాడు. ఆమె తొడలోంచి ఇంకో గుండు దూసుకుపోయింది.

జనం పారిపోతారనుకున్నారు వాళ్లు. మేము గోడ దగ్గరి తుపాకులమీదికే పోయాం. రాళ్లు, సుత్తులు, సమాధులమీది ఇనుప సిలువలు, చేతికేది దొరికితే అది. ఒక జవాను తుపాకీ పారేసి గోడ దూకాడు. వాడివెంట ఇంకొకడు. ఆఖరికి ఇన్‌స్పెక్టరూ దూకాడు.

గేటు తలుపు ఊడదీసి సదాశివ శవాన్ని దానిమీద ఎత్తుకున్నాం. బాలమ్మ తొడకు చీర చింపి కట్టి నేను కుడి భుజంతో ఒకవైపు, యెషయా ఒకవైపు పట్టుకున్నాం.

"ఆసుపత్రికి పోదాం," అన్నాడు యెషయా.

"ఠాణాకు," అంది బాలమ్మ.

లాలాగూడ వీధులన్నీ మావెంట నడిచాయి. మేము చేరేసరికి ఠాణా తలుపులు మూసి ఉన్నాయి. లోపలినుంచి గడియ పెట్టుకున్నారు.

మేము కొట్టడం షురూ చేశాం.