ఇద్దరికీ ఒకటే తూటా

లెమ్యూల్ తుపాకుల కొట్టులో గాజు బల్ల మీద రెండు తూటాలు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. ఒకటి పొట్టిగా బొద్దుగా ఉంది. రెండోది పొడుగు, మూతి సన్నం. ట్వైలా ఒకదాన్ని అరచేతిలో దొర్లించి చూసి పెట్టేసింది. రెండోది చేతిలోకి తీసుకుంది. ఏ రైఫిల్ కొనాలో తేలిపోయింది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఖాళీ గొట్టాన్ని తనే విసిరేసి కొత్త తూటా తనే ఎక్కించుకునే రకం. అదే రైఫిల్ రెండు తూటాలకీ దొరుకుతుంది. ఏ తూటాకి కొనాలన్నదే తేలలేదు.

"ఎలుగు వేటకి త్రీ నాట్ ఎయిట్‌ని మించింది లేదమ్మా," అన్నాడు లెమ్యూల్, పొట్టి తూటా చూపిస్తూ. "గుండు లావు, బరువు. భుజం ఎముక అడ్డం వచ్చినా ఆగదు. మీ వేట క్లబ్బులో అందరూ ఈ ముప్పై సైజే వాడతారు. మీ నాన్నదీ అదేగా."

"అందరూ కాదు," అన్నాడు పక్కనే బల్లకి ఆనుకుని నిలబడ్డ డెల్మర్. ట్వైలా అక్క నడీన్‌కి అతను మొగుడు. "నాది ఈ సన్నది, టూ సెవెంటీ. మా మరదలికీ అదే ఇవ్వు."

"నేను అడిగానా బావా?"

"నువ్వు అడగలేదు, నీ భుజం అడిగింది. పీతల బుట్టలు లాగి లాగి దాన్ని పాడు చేసుకున్నావు. టూ సెవెంటీ అయితే పేలినప్పుడు తన్ను తక్కువ. సోయా చేలకి అడ్డంగా కాల్చాలన్నా గుండు తిన్నగా పోతుంది. నీ దగ్గర తూటాలు అయిపోతే నా పెట్టెలోంచి తీసుకోవచ్చు. ఇంకేం కావాలి?"

"తుప్పల్లో కాల్చడానికి బరువు గుండే మేలు," అని లెమ్యూల్ గొణిగాడు.

"నీ మొహం, తుప్పల్లో మా మరదల్ని ఎవడు నిలబెడతాడు? కాలవ వంతెన దగ్గర కూర్చోబెడతాం, హాయిగా."

ట్వైలాకి నవ్వొచ్చింది. తండ్రి పోయాక క్లబ్బులో ఆయన చోటు తనకి ఇమ్మని అడిగితే సగంమంది మొహాలు మాడ్చుకున్నారు. పంగో నది ఒడ్డున ఆ క్లబ్బు పుట్టాక ఆడమనిషి తుపాకీ పట్టుకుని నిలబడింది లేదు. ఆ రోజు లేచి నిలబడి ఆమె తరఫున గట్టిగా మాట్లాడింది డెల్మర్ ఒక్కడే. అలాంటి బావ తన భుజం గురించి ఆలోచించి చెబుతుంటే కాదనడం ఎందుకు అనుకుంది. టూ సెవెంటీయే కొంది.

నవంబరులో ఎలుగు వేట మొదలైంది. చలికి కాలవ గట్ల మీద రెల్లు ఎండిపోయి గాలికి గలగలమంటోంది. థర్మన్ గిబ్స్ తన కుక్కల్ని తుప్పల్లోకి వదిలాడు. థర్మన్ క్లబ్బు పెద్ద, ట్వైలా తండ్రికి ప్రాణ స్నేహితుడు. ఆమె ఆయన్ని చిన్నప్పట్నుంచీ పెదనాన్నా అనే పిలుస్తుంది. ఆయన కుక్కల్లో జూన్ అనే ఆడకుక్క ముందుండి నడిపిస్తుంది. అది గొంతెత్తి అరిచిందంటే ఎలుగు జాడ దొరికినట్టే.

ట్వైలా వంతెన దగ్గర నిలబడింది. కాలవ వెంట పైకి, పైన్ చెట్ల మూల దగ్గర డెల్మర్ ఉన్నాడు. కుక్కల అరుపులు దగ్గరపడ్డాయి. పెద్ద నల్ల ఎలుగు ఒకటి రెల్లు చీల్చుకుని గట్టెక్కింది. దాని చుట్టుపక్కల కుక్కలు కనిపించలేదు. కనిపిస్తే కాల్చకూడదన్నది ఆమెకి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. రెండుసార్లు కాల్చింది. ఎలుగు తూలి మళ్ళీ రెల్లులో పడి పైన్ చెట్ల వైపు పరిగెత్తింది. ఆ తరవాత తుపాకులు మళ్ళీ పేలాయి. ఎవరివో, ఎటునుంచో ఆ హడావుడిలో తెలియలేదు. నీళ్ళ మీద ప్రతి మోతా రెండు మోతలై వినిపిస్తుంది.

ఎలుగు చచ్చి దొరికింది. దానికి కాస్త దూరంలో జూన్ కూడా.

థర్మన్ తన కోటు విప్పి కుక్కని అందులో చుట్టి, చంటిపిల్లని మోసినట్టు క్లబ్బు షెడ్డుకి మోసుకొచ్చాడు. చర్మం ఒలిచే బల్ల మీద పడుకోబెట్టి, తన కత్తితో తనే గుండు తీశాడు. గుండు ముందు భాగం పువ్వులా విచ్చుకుంది. అడుగు మాత్రం చెక్కుచెదరలేదు. తన త్రీ నాట్ ఎయిట్ ఖాళీ గొట్టం ఒకటి తీసి దాని మూతిలో ఆ అడుగు పెట్టి చూశాడు. వదులుగా కదిలింది. ట్వైలా వైపు చెయ్యి చాపాడు. ఆమె తను కాల్చాక ఏరి జేబులో వేసుకున్న గొట్టం తీసి ఇచ్చింది. గుండు దాని మూతిలో సరిగ్గా కూర్చుంది.

క్లబ్బులో ఆ సైజు ఇంకొకటి డెల్మర్‌దే. అందరూ అతని వైపు చూశారు. ఏడాది కిందట ఇంకో కుక్క చెవి చిరిగిపోయేలా కాల్చి మాటపడ్డవాడు అతనే.

"నావైపు చూస్తారేంటి? నాకు ఎలుగు కనపడనేలేదు." డెల్మర్ రైఫిల్ కింద నుంచి తూటాల మేగజీన్ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. నిండుగా ఉంది. "నేను ఒక్కటీ కాల్చలేదు."

చూపులన్నీ ట్వైలా మీదికి మళ్ళాయి. కుక్క లేదు, నేను చూశాను, లేదు అని లోపల్లోపల అనుకుంది. కానీ గుండు బల్ల మీద ఉంది. కుక్క ఉన్నా తన దృష్టికి ఆనలేదేమో. ఎలుగు తప్ప ఇంకేదీ కనపడనంత ఆత్రంలో ఉందేమో.

"పెదనాన్నా..." అంది.

"వద్దమ్మాయ్," అన్నాడు థర్మన్. అంతే. కుక్కని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

"ఆడవాళ్ళకి తుపాకీ ఇస్తే ఇంతే," అని వెనక ఎవరో అన్నది ఆమెకి వినపడాలనే అన్నట్టుంది. ఆ మాట కూడా న్యాయమే అనిపించింది ఆమెకి. అదే ఘోరం.

డెల్మర్ తన బండిలో ఆమెని ఇంటికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా ధైర్యం చెప్పాడు. "ఊరుకో, వాళ్ళ కోపం నాలుగు రోజులు. నేనున్నానుగా, సర్దిచెబుతాను." సాయంత్రం నడీన్ చేపల పులుసు, చీజ్ పెట్టి కాల్చిన వేడి బిస్కెట్ రొట్టెలు పట్టుకొచ్చింది. చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని తనూ ఏడ్చింది. మర్నాడు ట్వైలా థర్మన్ ఇంటికి వెళ్ళింది. ఆయన తలుపు తీయలేదు. వాకిట్లో నిలబడి, మూసిన తలుపుతోనే క్షమాపణ చెప్పుకుని వచ్చేసింది. క్లబ్బులో చోటు తనంతట తనే వదిలేసింది. చర్చిలో వెనక బెంచీకి మారింది. రైఫిల్ అలమారాలో, కోట్ల వెనక్కి పోయింది.

చలి తగ్గి, పీతల బుట్టలు మళ్ళీ నదిలో వేసే రోజులు వచ్చాయి. రైఫిల్ అమ్మేద్దామని లెమ్యూల్ కొట్టుకి తీసుకెళ్ళింది.

లెమ్యూల్ దాన్ని చేతిలోకి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. "నేను ఆ రోజే గట్టిగా చెప్పాల్సింది. ముప్పై సైజు కొనుంటే ఈ గొడవే నీ మెడకి చుట్టుకునేది కాదు."

"నీదేం తప్పుంది? బావ నా భుజం చూసి చెప్పాడు."

"భుజమా?" లెమ్యూల్ తలెత్తాడు. "నీకు చెప్పలేదా వాడు? నువ్వు రావడానికి ముందురోజు వచ్చాడు. మా మరదలికి టూ సెవెంటీ కొనిపిస్తాను, నువ్వు అడ్డుపడకు అన్నాడు. ఎందుకురా అంటే, క్లబ్బు మొత్తం మీద ఆ సైజు నాదొక్కడిదే, ఏ కుక్కకి గీత పడినా నా పీకే పట్టుకుంటారు, ఇద్దరం ఉంటే మంచిది కదా అని నవ్వాడు. హాస్యానికి అన్నాడనుకున్నాను."

ట్వైలా రైఫిల్ తీసుకుని బయటికి నడిచింది. బండెక్కి తిన్నగా అక్క ఇంటికి పోయింది.

వాళ్ళు భోజనాల దగ్గర ఉన్నారు. నడీన్ లేచి కంచం తీయబోయింది.

"కూర్చో అక్కా. బావా, ఆ రోజు ఎన్ని కాల్చావు?"

"ఏ రోజు?"

"నీకు తెలుసు ఏ రోజో."

డెల్మర్ మాంసం ముక్క కొరికి నములుతూ ఉన్నాడు. నమలడం ఆపలేదు. ట్వైలా కూర్చోలేదు, కదల్లేదు. చివరికి చేతిగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

"మూడు," అన్నాడు. "చివరి గుండుకి ఆ ముదనష్టపు కుక్క సరిగ్గా ఎలుగు మెడ మీదికి ఎగిరింది. నేనేం చెయ్యను? మీరు వచ్చేలోగా గట్టు మీది గొట్టాలు ఏరి జేబులో వేసుకున్నాను, మేగజీన్ నింపేశాను."

"నేను తలొంచుకుని నిలబడితే చూస్తూ ఊరుకున్నావు."

"మరేం చెయ్యమంటావు? నాకది రెండో తప్పు. జీవితాంతం బయటికి గెంటేవాళ్ళు. నువ్వు కొత్తదానివి, ఏడిస్తే జాలిపడి మళ్ళీ పిలుస్తారు. నేను ఏడిస్తే పిలుస్తారా? అసలు నీకు ఆ చోటు ఇప్పించింది ఎవరు?"

"ఇందుకే ఇప్పించావా?"

"ఛ, ఆ మాట అనకు. అప్పుడు నాకేం తెలుసు?"

"తూటా ఎంచినప్పుడు తెలుసుగా."

డెల్మర్ కంచం పక్కకి నెట్టాడు. ట్వైలా అక్క వైపు తిరిగింది. వినకూడని మాట విన్నదానిలా అదిరిపడుతుందేమో అనుకుంది. నడీన్ అదిరిపడలేదు. బల్ల మీద రొట్టె పొడి వేలితో ఒకచోటికి చేరుస్తోంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

నడీన్ తల ఎత్తలేదు. "ఆ సాయంత్రమే చెప్పాడు."

"పులుసు తేకముందా?"

నడీన్ చెయ్యి ఆగిపోయింది.

డెల్మర్ చేసిందానికి ట్వైలా ఒళ్ళు మండింది. అక్క మౌనానికి మాత్రం ఒళ్ళంతా చల్లబడిపోయింది. అక్కణ్ణుంచి థర్మన్ ఇంటికి పోయింది.

థర్మన్ ఈసారి తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు గానీ, తనే బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. విన్నాక, "లెమ్యూల్ ఈ మాట పదిమందిలో చెబుతాడా?" అన్నాడు.

"ఏమో పెదనాన్నా. అడగలేదు."

"నేను అడుగుతాను."

లెమ్యూల్ చెప్పాడు. కొట్టుకి వచ్చేవాళ్ళందరి ముందూ, చెమటలు పట్టినా, చెప్పాడు. అక్కడే ఉన్న డెల్మర్ మొదట అరిచాడు, ఆ తరవాత బుకాయించాడు, ఆఖరికి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. క్లబ్బు వాళ్ళు అతని పేరు కొట్టేశారు. షెడ్డులో వెనకనుంచి ఆడవాళ్ళకి తుపాకీ ఇస్తే ఇంతే అన్నవాడెవడో గానీ, ట్వైలా దగ్గరికి వచ్చి తప్పయిందని చెప్పలేదు. థర్మన్ మాత్రం చెప్పాడు. "ఆ రోజు నీ మొహం చూడాల్సింది నేను. గుండే చూశాను," అన్నాడు. వంతెన దగ్గర చోటు తిరిగి తీసుకోమన్నాడు. ఆలోచించి చెబుతానంది.

ఎండలు ముదిరాక, ఒక పొద్దున నడీన్ పడవల రేవుకి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ట్వైలా బుట్టల్లో ఎర చేపలు కూరుతూ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాం," అంది నడీన్. "ఆయనతో మాట్లాడకపోతే పోనీ. నాతో కూడానా? నేను కాపురం చేసుకునేదాన్ని, ఏం చెప్పగలను? అయినా నీ బాధ నేను చూడలేదా? నీతో పాటు ఏడవలేదా?"

"ఏడ్చావు," అంది ట్వైలా. "నా తల ఒళ్ళో పెట్టుకుని మరీ ఏడ్చావు. నువ్వు ఆ రోజు రాకుండా ఉంటే ఈ పాటికి నీతో మాట్లాడేదాన్నేమో."

నడీన్ ఇంకేదో అనబోయింది. ట్వైలా తాడు విప్పి పడవలోకి విసిరి, ఇంజను స్టార్ట్ చేసింది. ఆ చప్పుడులో అక్క మాటలు వినపడలేదు. నది మధ్యకి వెళ్ళాక మొదటి బుట్ట పైకి లాగింది. అందులో రెండో మూడో చిన్న పీతలున్నాయి. వాటిని నీళ్ళలోకి వదిలేసి, కొత్త ఎర పెట్టి, బుట్టని మళ్ళీ దించింది.