కింది నాలుగంగుళాలు

“నువ్వు కోస్తే చాలు, ఆలోచించడం నాకొదిలెయ్” అని భర్త అన్నప్పుడు ఆమె అట్ట మీద స్కేలు సర్దుతోంది. ఫ్రేములు కట్టే ఆ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా వింటున్న మాటే. బొమ్మ అంచుల మీద కూర్చునే అట్టని కిటికీలా కోయడం ఆమె పని. అంచు ఏటవాలుగా తెగాలి, మూలల్లో కత్తి వెంట్రుకవాసి కూడా దాటకూడదు. ఎవరైనా మెచ్చుకుంటే, “ఏదో అలవాటైన చెయ్యండీ” అని భర్త తన చేతులే చూపించేవాడు. అత్తగారైతే, “మా కోడలు ఇంట్లో తోచక కొట్టుకి వచ్చి కూర్చుంటుంది” అనేది. తోచక కూర్చున్నవాళ్లకి నడుం ఇలా పడిపోదని ఆవిడకి ఎవరు చెప్తారు!

ఇవాళ బల్ల మీదున్న బొమ్మలో ఒక ఫ్యాక్టరీ గేటు, దాని ముందు చెల్లాచెదురుగా చెప్పులు. కాల్పుల్లో పడిపోయినవాళ్లవి. అడుగున తుపాకులవాళ్లు దిగిన బండి, బండి తలుపు మీద కంపెనీ గుర్తు. గీసినావిడ నిన్న తెచ్చిచ్చి, “ఒక్క గీత కూడా అట్ట కిందకి పోకూడదక్కా. వాటిలో మా అన్న చెప్పులూ ఉన్నాయి” అంది. భర్త తలూపాడు.

పొద్దున ఆ కంపెనీ మనిషి వచ్చాడు. ఈ బొమ్మని ప్రదర్శనకి పెట్టే హాలు వాళ్లదే, బొమ్మల్ని ఎంపిక చేసినవాళ్లు మాత్రం బయటివాళ్లు.

“బొమ్మని తీసేస్తే పేపర్లకెక్కుతుందండీ. మేమంత మొరటువాళ్లం కాదు. కింద నాలుగంగుళాలు అట్ట పైకి జరపండి, చాలు. మా ఆఫీసుల ఫ్రేములన్నీ ఇక మీకే” అని, ఆమె వైపు తిరిగి, “అమ్మా, కాసిని మంచినీళ్లు” అన్నాడు.

భర్త దానికీ తలూపాడు.

కంపెనీ మనిషి వెళ్లాక ఆమె బొమ్మ అడుగుభాగాన్ని అరచేతులతో మూసి చూసింది. బండి పోయింది. చెప్పులు మిగిలాయి, లోపల ఏదో విందు జరుగుతుంటే వచ్చినవాళ్లు గేటు బయట విడిచి వెళ్లినట్టు.

ఆమెకి బేరం తెలియక కాదు. ఆ ఆఫీసుల పని వస్తే అట్టలు కోసే మిషను కొనొచ్చు, నడుముకి సుఖం. రాకపోతే ఇదే కత్తి, ఇదే నొప్పి. లాభం ఎటుందో పసిపిల్లయినా చెప్తుంది. కానీ అమ్ముతున్న సరుకు ఎవరిది? చచ్చినవాళ్లది. మనది కానిది అమ్ముకుంటే దాన్ని వ్యాపారం అనరు.

కిటికీ చిన్నదైతే మళ్లీ కోసి పెంచుకోవచ్చు, పెద్దదైతే తగ్గించడం ఎవరి తరమూ కాదు. ఆ కొలత అట్ట కొట్లో ఒక్కటే ఉంది. బొమ్మని హాలుకి తీసుకెళ్లే వ్యాను మూడింటికల్లా వస్తుంది. ఆమె కత్తిని కంపెనీ మనిషి అడిగిన చోటికి నాలుగంగుళాలు కిందికి దించి, ఒక్క లాగు లాగింది.

అద్దం బిగించాక గానీ భర్త చూడలేదు. చూసేసరికి వ్యానువాడు గుమ్మంలో ఉన్నాడు, ఫ్రేము ఎక్కించుకుపోయాడు.

“కొంప ముంచావు కదే! ఎవరు కోశారని వాళ్లడిగితే ఏం చెప్పను?”

“ఇన్నేళ్లూ ఏం చెప్పారో అదే చెప్పండి.”

సాయంత్రం ఫోను మోగింది. అవతల కంపెనీ మనిషి అరుపులు బల్ల దాకా వినిపిస్తున్నాయి. భర్త చెమట తుడుచుకున్నాడు. “నేను కాదు సార్... నాకసలు కొయ్యడమే రాదు సార్. మొదట్నించీ మా ఆవిడే కోస్తుంది.”

ఆమె లేచి వెళ్లి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

“నేనేనండీ కోసింది. కొలత సరిగ్గానే ఉంది.”