దూదిలో బాతుపిల్లలు

బాతులవాళ్ళు మా వీధి వెనక కోసిన వరిమళ్ళలో వారం రోజులు మందను మేపుకుని, ఒకరోజు తెల్లారేసరికి చీరాల దాటి వెళ్ళిపోయారు. మురుగుకాలవలో రెండు పిల్లలు మిగిలాయి. వణుకుతుంటే నేనే పట్టుకొచ్చాను. మా ఆయన సుభానీ తన పరుపుల కొట్టు నుంచి అప్పుడే ఏకిన దూది సంచెడు తెచ్చి అట్టపెట్టె నింపాడు.

"మన ఇంట్లో దూదికి కరువా? మహారాజుల్లా పడుకోమను," అన్నాడు.

మా అత్తింటివాళ్ళది మూడు తరాలుగా దూది ఏకే పని. మెత్తటిదంటే మాకు దూదే. తప్పు అక్కడే జరిగింది.

మూడోరోజు పొద్దున ఒక పిల్ల లేవలేదు. దూది పీచు పురి తిరిగి కుడికాలికి చుట్టుకుని, చర్మంలోకి దిగిపోయింది. కాలు వాచి పాదం వంకాయ రంగుకు మారింది. ఫోను లైటు వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఎంత చూసినా పీచు కొస కనిపించలేదు. కత్తెర పెడితే చర్మమే తెగేటట్టుంది. ఆదివారం, పశువుల ఆసుపత్రి కూడా లేదు.

"ఈ పూట గడిస్తే పాదం ఎండి రాలిపోద్దేమో," అన్నాడు సుభానీ మెల్లగా.

కాపాడదామని తెచ్చి కుంటిదాన్ని చేస్తున్నాను కదా అనిపించి కత్తెర పక్కన పెట్టేశాను.

మా దగ్గరే ఉంటున్న అమ్మ మంచం మీద నుంచి చెయ్యి చాపింది. "ఇటియ్యవే గుల్షన్."

"నీకేం కనపడుద్దమ్మా?"

"కనపడే పనైతే నువ్వే తీసేదానివిగా. కాస్త కొబ్బరినూనె తే."

షుగరు వల్ల అమ్మకు చూపు పోయి ఆరేళ్ళు. అంతకుముందు నలభై ఏళ్ళు మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టింది. నా చిన్నతనమంతా ఆ రాట్నం చప్పుడే. బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో కూర్చుని కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి నూలు వదులుతూ ఉండేది. కరెంటు పోయినా ఆపేది కాదు. పోగు తెగితే, కిందికి చూడకుండా, మాతో కబుర్లాడుతూనే కొస పట్టి అతికేది. ఆ వేళ్ళతోనే అన్నం కలిపి పెడితే ముద్దకు నూలు వాసన ఉండేది. చూపు పోయాక రాట్నం ఎవరికో ఇచ్చేశాం. ఏ పనికి చెయ్యి చాపినా "నువ్వు కూర్చో అమ్మా" అనేదాన్ని. అదే ప్రేమ అనుకున్నాను.

అమ్మ నూనె రాసి, కాలి మీద బొటనవేలు ఆనించి నెమ్మదిగా తడమసాగింది. పిల్ల కీచుమంటోంది.

"అరువు, అరువు. నీ చోట నేనున్నా అరుద్దును," అంది దానితో.

"గట్టిగా లాగబాక అత్తా," అన్నాడు సుభానీ.

"నువ్వు మాట్లాడబాకయ్యా. దూది ఏకటం వరకే మీ పని. పోగు సంగతి మీకేం తెలుసు?"

కాసేపటికి అమ్మ వేలు ఒకచోట ఆగింది. "దొరికింది." గోటితో కొస లేపి, పురికి ఎదురు తిప్పింది. ఒక చుట్టు, రెండు చుట్లు, ఏడు. ఆఖరిది నెత్తుటితో తడిసి వచ్చింది. అమ్మ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇంత పొట్టి పింజ దూది పెట్టి పరుపులు అమ్ముతున్నావా అల్లుడూ?"

"తలగడలకు అత్తా, తలగడలకు," అన్నాడు సుభానీ. పొద్దుటి నుంచి అప్పుడే నవ్వాడు.

పెట్టెలో దూదంతా తీసేసి పాత లుంగీ పరిచాను. సాయంత్రానికి పాదానికి ఆ వంకాయ రంగు తగ్గింది. పిల్ల కాలు వంకరగా మోపుకుంటూనే నీళ్ళపళ్ళెం దాకా వెళ్ళింది.

అమ్మ రెండింటినీ ఒళ్ళో పెట్టించుకుని, నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటిగా తడిమి చూసింది.

"ఏం రంగువే ఇవి?" అని అడిగింది.

మూడురోజులుగా ఇంట్లో తిరుగుతున్నాయి. చెప్పాలని నాకు తోచనేలేదు. పక్కన కూర్చున్నాను.

"ఒకటి పసుపు. నడుం మీద మసి పూసినట్టు నల్లచార. ముక్కు..."

"మెల్లగా చెప్పవే," అంది అమ్మ.