అయిదో ప్యాకెట్టు

మా ఆయన రాజగోపాల్ పట్టాళంలో హవల్దారుగా రిటైరయ్యారు. నేనేం వండిపెట్టినా "పరవాలేదు" అంటారు. నలభై అయిదేళ్ల కాపురంలో అంతకు మించిన మెప్పు ఆ నోట్లోంచి రాలేదు. అలాంటి మనిషిని పట్టుకొచ్చి తిండికి మార్కులు వెయ్యమని కూర్చోబెట్టింది మా మనవరాలు అదితి.

అమెరికాలో, అల్ఫారెట్టాలో ఉన్న మా అమ్మాయి సుధ ఇంటికి మేం వచ్చి నాలుగు నెలలవుతోంది. అదితి దాని కూతురే, పంతొమ్మిదేళ్లది. ఈ మార్చిలో కాలేజీ సెలవులకి ఇద్దరు స్నేహితురాళ్లతో ఉత్తర జార్జియా కొండల్లో నాలుగు రోజులు నడుస్తుందట, రాత్రిళ్లు గుడారంలో పడుకుంటుందట. అందుకని సైనికులు తినే రేషన్ ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించింది. ఒకటి అమెరికాది, ఒకటి ఫ్రాన్సుది, ఒకటి ఇటలీది. ఏది నచ్చితే అది ఇంకో అయిదు తెప్పించుకుంటుందట. ఇంట్లో శుభ్రంగా పులిహోర కలిపి కట్టిస్తానంటే నవ్వింది.

"అమ్మమ్మా, ఇది హాబీ. చాలామంది ఇవి కలెక్ట్ చేస్తారు, కంపేర్ చేస్తారు. తాతయ్య ఆర్మీ కదా, బెస్ట్ జడ్జ్!"

నా పొయ్యి దగ్గరికి మాత్రం ఆ ప్యాకెట్లు రాకూడదన్నాను. ఫ్రాన్సు వాళ్లు ఏ డబ్బాలో ఏ మాంసం కుక్కారో ఎవరికి తెలుసు? అందుకని వెనక డెక్ మీద బల్ల వేసుకుని కూర్చున్నారు. అదితి ఫోన్ పెట్టి లేబుళ్లు చదివి, మాకు పనికిరానివి పక్కన పెట్టింది.

అమెరికా ప్యాకెట్లో నిప్పు లేకుండా వేడి చేసే సంచీ ఉంది. అందులో నీళ్లు పోసి, దాన్ని ఒక రాయికో మరోదానికో ఆనించి పెట్టమని రాశారు. అదితి చదివి తెలుగులో చెబితే మా ఆయన నమ్మలేదు.

"మరోదానికో ఏంటి? పట్టాళంలో ఆర్డరంటే అలా ఉంటుందా? రాయంటే రాయే!"

సంచీ బుసలు కొడుతూ వేడెక్కింది. పాస్తా తిని పదికి ఆరు మార్కులన్నారు. బిస్కెట్టు కొరికి, బూటు అడుగైనా దీనికన్నా మెత్తగా ఉంటుందని మూడుకి దించారు. ఫ్రాన్సు వాళ్ల చాక్లెట్టుకి ఎనిమిది. ఇటలీ ప్యాకెట్లో కాఫీతోపాటు బొటనవేలంత మద్యం పొట్లం ఉందని తెలిసి సుధ వచ్చి లాక్కుపోయింది. దానికి రుచి చూడకుండానే తొమ్మిది వేశారు.

అలా మాటల్లో పడ్డారు. లంగర్‌లో, అంటే పట్టాళం వంటశాలలో, కడివెడు టీ కాచడం, పూరీల్లో బంగాళాదుంప చుట్టి జేబులో పెట్టుకుని పొద్దున్నే కొండెక్కడం, మధ్యాహ్నానికి అవి అట్టల్లా బిగిసిపోవడం. ఆయన అంతసేపు మాట్లాడగా విని ఎన్నేళ్లయిందో! వంటింటి కిటికీ దగ్గర నిలబడి చెవులు రిక్కించాను. నేను వినాలనుకుంటున్న సంగతి ఒకటుంది. దానికోసం నలభై రెండేళ్లుగా కాచుకుని ఉన్నాను.

సుధ కడుపులో ఉన్నప్పుడు, ఆయన సెలవు ముగించుకుని కాశ్మీరు వెళ్తుంటే గోరుమిటీలు చేసిచ్చాను. పిండిని ఉండలు చేసి, ఒక్కొక్కటీ గోటితో నొక్కి, వేయించి, బెల్లం పాకం పట్టి. ఎనిమిదో నెల పొట్టతో నేల మీద కూర్చుని రెండు రోజులు చేశాను. మా అమ్మ పెళ్లికిచ్చిన, నా పేరు కొట్టించిన స్టీలు డబ్బాలో పోసిచ్చాను. మళ్లీ సెలవుకి ఆయన వచ్చారు గానీ డబ్బా రాలేదు. గోరుమిటీలు ఎలా ఉన్నాయండీ అంటే, మొహం గంటు పెట్టుకుని, "ఇంకెప్పుడూ అవి చెయ్యకు" అన్నారు. అంతే. ఎందుకో చెప్పలేదు. అభిమానం ఉన్నదాన్ని, నేనూ రెండోసారి అడగలేదు. అవి మళ్లీ చెయ్యలేదు. నా చేతి వంట ఏదైనా ఆయన నోట్లో పెట్టుకుంటుంటే ఆ మాటే గుర్తొచ్చేది.

ఆయనతో పనిచేసిన కోటేశ్వరరావు అన్నయ్యది ఒంగోలు. ఇంటికొచ్చినప్పుడల్లా, "చెల్లెమ్మా, ఆ గోరుమిటీలు చెయ్యవేం?" అని అడుగుతాడు. మా ఆయన వెంటనే వాన గురించో ఓట్ల గురించో ఎత్తుకుంటారు. నేను ఉడుక్కుంటూ లోపలికెళ్లి జంతికలు తెస్తాను.

అమెరికా ప్యాకెట్టే తేలికని తేలింది. ఇంకో అయిదు వచ్చాయి. ప్రయాణానికి ముందు రోజు అదితి డెక్ మీద సంచి సర్దుకుంటోంది. అయిదు ప్యాకెట్లనూ కోసి, అట్టపెట్టెలు, అక్కర్లేని పొట్లాలు తీసి పారేస్తోంది. బరువు తగ్గించడానికి అందరూ ఇలాగే చేస్తారట. మా ఆయన మెచ్చుకోలుగా చూస్తున్నారు. అంతలో అది అయిదో ప్యాకెట్టు మొత్తంగా తీసి బయట పెట్టి, ఆ ఖాళీలో పెద్ద గమ్మీల డబ్బా ఇరికించింది.

"మా ఫ్రెండ్ రియాకి ఇవంటే చాలా ఇష్టం తాతయ్యా. నాలుగు రోజులే కదా, ఫోర్ ప్యాక్స్ చాలు."

"పెట్టు! అది లోపల పెట్టు!"

ఆ అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. అదితి బిక్కచచ్చిపోయింది. పుట్టాక తాతయ్య దాని మీద గొంతెత్తడం అదే మొదటిసారి. చేతులు తుడుచుకుంటూ నేను బయటికొచ్చేసరికి ఆయన ఆ ప్యాకెట్టు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు.

"ఏమైందండీ?"

ఆయన నా వైపు చూడలేదు. ప్యాకెట్టు వైపే చూస్తూ చెప్పారు.

"సుధ కడుపులో ఉన్న ఆ ఏడు, కొండ మీది పోస్టుకి ఎక్కేటప్పుడు మనిషికి అయిదు ఎమర్జెన్సీ ప్యాకెట్లిచ్చారు. సంచీలో నీ డబ్బా పట్టలేదు. అయిదోది తీసి కింద క్యాంపులోనే మంచం కింద పడేశాను. మంచు పడి ఆరు రోజులు దారి మూసుకుపోయింది, నలుగురం ఇరుక్కుపోయాం. నా ప్యాకెట్లు అందరికన్నా ముందే అయిపోయాయి. కోటిగాడు తన దాంట్లో సగం నాకు పెట్టాడు. ఇద్దరికీ చాలక, కింద విమానం జారవిడిచిన మూటేదైనా ఉందేమోనని బయటికెళ్లాడు. కాలివేళ్లు రెండు మంచుకి చచ్చుబడిపోయాయి. తర్వాత తీసేశారు."

"మరి గోరుమిటీలు?"

"అవే తిన్నాం. చివరి మూడు రోజులూ పూటకి నాలుగేసి. నీ పేరున్న ఆ డబ్బాలోనే మంచు కరిగించుకుని తాగాం. మాడి బొగ్గయిపోయింది. ఏ మొహంతో తీసుకురమ్మంటావు? నువ్వు మళ్లీ చేస్తానంటే వాడి కాలే కనబడేది నాకు."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఇన్నేళ్లూ నా చేతి వంట నచ్చలేదనుకున్నానే! మొండి మనిషి, ఆ ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? చీర కొంగుతో మొహం తుడుచుకుని, అదితి చేత అప్పటికప్పుడు ఒంగోలుకి వీడియో కాల్ చేయించాను. అక్కడ సాయంత్రం. కోటేశ్వరరావు అన్నయ్య బనీనుతో వరండాలో కూర్చుని ఉన్నాడు. సంగతంతా నేనే చెప్పాను.

అన్నయ్య ఫోన్ మొహం దగ్గరికి లాక్కున్నాడు.

"ఓరి నీ దుంపతెగ! ఆ ప్యాకెట్టు సంగతి నాకు తెలియదనుకున్నావా? నీ మంచం కింద చూసింది నేనేరా. సాబ్‌కి చెప్దామనుకున్నా. ఆలోపు నువ్వు డబ్బా మూత తీసి నాకు రెండు పెట్టావు. తిని నోరు మూసుకున్నా. పనిష్మెంటంటూ పడితే ఇద్దరికీ పడాల. వేళ్లంటావా, బూటు తడిస్తే ఆరబెట్టుకోకుండా పోయా, అది నా పొగరు. వేళ్లు పోయినందుకు నేనేనాడూ ఏడవలా. ఇన్నేళ్లొచ్చినా మీ ఇంట్లో ఒక్క గోరుమిటీ కూడా పెట్టకపోతిరే, దానికేడ్చా!"

మా ఆయన ఫోన్ నాకిచ్చేసి, డెక్ చివరికి వెళ్లి నిలబడ్డారు. భుజాలు కదులుతుంటే అదితి వెళ్లి పక్కన నిలబడింది.

ఆ మధ్యాహ్నం మైదా కలిపాను. ఎవరూ పిలవకుండానే ఆయన వచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఉండలు గోటితో నొక్కడం మొదలుపెట్టారు. అన్నీ వంకరే. అదితి కూడా చెయ్యి వేసింది. అయిదో ప్యాకెట్టు సంచీలోకి వెళ్లింది, దాని మీద గమ్మీలు, వాటి మీద గోరుమిటీల పొట్లం. బరువెక్కువైందని అది మూలుగుతుంటే, ఆయన ఒక జత బట్టలు తీయించారు.

పాకం ఆరాక ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు.

"తాతయ్యా, మార్క్స్?" అని అదితి ఫోన్లో రాసుకోబోయింది. ఆయన ఇంకోటి తీసి నోట్లో వేసుకున్నారు.

"పరవాలేదు అని రాసుకోవే," అన్నాను నేను.