గోతం తరుగు

గుంటూరు మిర్చి కొట్లలో కాటా దగ్గర నిలబడితే గౌస్ బాషాకు ఎదురులేదు. డిగ్రీ లెక్కల్లో తప్పి చదువు మానేసిన సంగతి పక్కన పెడితే, ఇంట్లోనూ లెక్కల మొనగాడు అతనే. చెల్లెలు ఖుర్షిదా కాలేజీలో లెక్కలు చదువుతోందంటే అదంతా తన చలవేనని నలుగురికీ చెప్పుకునేవాడు.

పరీక్ష ముందురోజు ఆమె ఒక లెక్క చేస్తోంది. నలభై రెండు కిలోల మిర్చి బస్తా ఏటవాలు బల్ల మీద జారుతోంది. టి సెకన్లలో జారిన దూరం మూడు టి స్క్వేర్ మీటర్లు. బస్తా మీద నెట్ ఫోర్స్ ఎంత? ఖుర్షిదా ఒకసారి డిఫరెన్షియేట్ చేసింది, వేగం ఆరు టి వచ్చింది. మళ్లీ చేస్తే ఆ వేగం సెకనుకు ఆరు చొప్పున పెరుగుతోందని తేలింది. ఆరును నలభై రెండుతో గుణించి 252 న్యూటన్లు వేసింది.

"నెట్ అన్నాడు కదే! గోతం తరుగు రెండు కిలోలు తియ్యవా?" అన్నాడు గౌస్ బాషా.

"అది కాదేమో అన్నా. బలాలన్నీ కలిపితే మిగిలేది నెట్ అని మేడమ్ చెప్పారు."

"రోజూ బస్తాలు తూచేది నేనా, మీ మేడమా?" అని 252 కొట్టేయించి 240 వేయించాడు.

పరీక్షలోనూ అదే లెక్క వచ్చింది. ఆ ఒక్క లెక్కతో ఖుర్షిదా తప్పింది. ఆమెను లెక్కలు మానిపించి చరిత్రలో వేస్తారని తెలిసి, గౌస్ బాషా మిరపఘాటు చొక్కాతోనే కాలేజీకి పోయి లెక్చరర్ మాణిక్యమ్మ గారి మీద గొంతు పెంచాడు.

ఆవిడ పేపరు చూపించారు. "ముందు సరిగ్గానే వేసిందండీ. తర్వాత కొట్టేసి గోతం బరువు తీసేసింది. గోతం ఆగిపోయి కాయలొక్కటే జారతాయా? పేపర్లు ఇచ్చిన రోజు క్లాసంతా ఒకటే నవ్వు. ఎవరు చెప్పారే అంటే, 'మా అన్న సరిగ్గానే చెప్పాడు, నేనే పొరబడ్డాను మేడమ్' అంది."

గౌస్ బాషా చెవులు వేడెక్కాయి. తన పరువు కాయడానికి ఆ పిల్ల నవ్వులపాలైంది. తనేమో పరీక్ష ముందురోజు వాళ్ల మేడమ్‌ను వెక్కిరించాడు. తలుపు దగ్గర ఖుర్షిదా నిలబడి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"ఆ తరుగు తీసింది నేనండీ," అన్నాడు. "పిల్లను మార్చకండి."

కాటా దగ్గర బజారంతా వినబడే గొంతు, బల్ల అవతలికి కూడా చేరలేదు.

"ఏంటండీ? వినపళ్లేదు," అన్నారు మాణిక్యమ్మ గారు.

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి వరండాలో ఉన్న ఆడపిల్లలంతా విన్నారు.