గండభేరుండం ముసుగు తీసిన సాయంత్రం

ముందు హారన్లు వినిపించాయి. ఒకటి సాగదీసినది, ఒకటి తుంచినది. మళ్ళీ ఒకటి సాగదీసినది, ఒకటి తుంచినది. మంగక్క కారు వెనుక సీటులో కళ్ళు మూసుకుని కూర్చున్న సృజన్‌కు ఆ లయ కొత్త కాదు. గం... డ. గం... డ. ముసుగులో ఉన్నదెవరో తెలియని జనం ఏడాదికి పైగా పిలిచిన పిలుపు అది. హాలులో పాదాలతో పిలిచేవారు, అరచేతులతో పిలిచేవారు. ఈవేళ మూసిన కారు అద్దాల వెనుక నుంచి హారన్లతో పిలుస్తున్నారు.

కళ్ళు తెరిచాడు. జర్మనీలోని మాగ్డెబర్గ్ శివారున డ్రైవ్-ఇన్ సినిమా మైదానం. తెల్లని తెర ముందు తాళ్ళు కట్టిన కుస్తీ బరి. దాని చుట్టూ వరుసలుగా కార్లు. రెండువేల ఇరవై ఆగస్టు. ఎండ ఇంకా వాలలేదు. బరి దగ్గరి వ్యాఖ్యాత మాటలు ఏ కారుకు ఆ కారులో రేడియోలోంచి వస్తున్నాయి.

"కిందికి దిగొద్దంట, అద్దం గూడ సగమే దించాల్నంట," అంది మంగక్క. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆమె, ఊళ్ళోని తెలుగు విద్యార్థులందరికీ అక్క. "గిది కుస్తీయా, క్వారంటైనా? నువ్వు బతిమాలితే వచ్చిన గనీ, నాకేం సమజైతలేదురా. ఆ రెండు తలల పిట్ట ఎవడు?"

"గండభేరుండం అక్కా."

"మనోడేనా?"

"అట్లనే అంటరు," అన్నాడు సృజన్.

ఆ గండభేరుండం తానేనని, సాధనలో తోడున్నవారికి తప్ప, అతడు ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదు. అది ఈ విద్యలోని కట్టుబాటు.

ఊళ్ళోని బుకావ్ పేటలో ఇటుకలతో కట్టిన పాత యంత్రశాల ఉంది. లాక్‌డౌన్‌కు ముందు నెలనెలా అక్కడ కుస్తీ ప్రదర్శన జరిగేది. చలికాలం సాయంత్రాలలో తడి కోట్ల వాసన, ఆవపిండి ముద్ద పూసిన సాసేజీల వాసన, ప్లాస్టిక్ గ్లాసుల్లో బీరు నురుగు. తండ్రుల భుజాలపై పిల్లలు. దుష్టుడు బరిలోకి వస్తుంటే గొడుగులు ఝళిపించే అవ్వలు. చెక్కపలకల మీద గుడ్డ పరిచిన ఆ బరిపై మనిషి పడితే డప్పు మోగినట్టు మోగేది. దెబ్బ చిన్నది, చప్పుడు పెద్దది. గెలుపోటములు ముందే రాసి ఉంటాయని హాలులో అందరికీ తెలుసు. తెలిసీ అరిచేవారు, తెలిసీ కన్నీరు పెట్టేవారు. చిందు భాగవతం చూసే వారికి మాత్రం కథ తెలియకనా రాత్రంతా కూర్చునేది?

హనుమకొండలో చిన్ననాడు పేరిణి నాట్యం నేర్చిన సృజన్, ఆ హాలుకు మొదట టికెట్టు కొనుక్కుని వెళ్ళాడు. తరువాత సాధనకు వెళ్ళాడు. అరచేతులు ముందు తాకేలా పడటం నేర్చాడు, ఎదుటివాని మెడకు హాని లేకుండా ఎత్తడం నేర్చాడు. ఎర్రని గుడ్డపై బంగారు దారంతో రెండు ముక్కులు తానే కుట్టుకుని ముసుగు చేసుకున్నాడు. బరిలోకి అతడు నడిచి రాలేదు. పేరిణి అడుగులు వేస్తూ వచ్చాడు. తొలిసారి పాదం నేలను తాకగానే హాలు ఒక క్షణం మూగబోయింది. రెండో అడుగుకు ఎవరో పాదంతో బదులిచ్చారు. ఆఖరి అడుగుకు హాలంతా ఒకే పాదమయింది. నలుగురిలో నోరు విప్పలేని ఆ కుర్రవాడు ఆ సాయంత్రం ముసుగు లోపల ఏడ్చాడు. ఎవరికీ కనబడలేదు. ముసుగులోని సుఖం అదే.

క్రితం శీతాకాలంలో అతని భుజం కీలు తప్పింది. ప్రదర్శన దగ్గరపడింది; గోడలపై గండభేరుండం బొమ్మలు అతికించేశారు. అప్పుడు సాయానికి వచ్చినవాడు కౌశల్. గుంటూరు వాడు, ఒకే ఫ్లాటులో పక్క గది, ఒకే ఎత్తు, ఒకే ఒడ్డు. సృజన్‌తో పాటు సాధనకూ వచ్చేవాడు. పరిచయమైన నాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకున్నారు.

చేయి కట్టుతో వేలాడుతుండగా, వంటగదిలో బల్ల పక్కకు జరిపి, సృజన్ అతనికి తన అడుగులన్నీ నేర్పాడు.

"నడుం ఇలాగేనా బావా? కళ్ళంలో మిరపకాయలు తొక్కుతున్నట్టుంది నాకు."

"తొక్కుడు గాదు బావా, తట్టుడు. భూమి నిద్ర లేవాలె."

"భూమి సంగతేమో గానీ కింద ఫ్లాటు ముసలాయన లేచాడు. చీపురుతో పొడుస్తున్నాడు చూడు."

ఇద్దరూ నేలపై పడి నవ్వారు.

ముసుగుకు ఒక ధర్మం ఉంది. కుట్టుకున్నవానిదే ముసుగు. అరువు తీసుకున్నవాడు ఆట ముగియగానే మాట లేకుండా తిరిగి ఇవ్వాలి. ఇక పందెంలో ఓడి జనం ఎదుట తీసిన ముసుగును తిరిగి ఎవ్వరూ తొడగకూడదు. అది చచ్చిన ముసుగు. జనవరిలో కౌశల్ ముసుగు తిరిగి ఇచ్చాడు. ఫిబ్రవరిలోనూ ఇచ్చాడు. మార్చిలో యంత్రశాలకు తాళం పడింది.

తాళం పడిన నెలల్లో సృజన్ భుజానికి బలం వచ్చింది. మళ్ళీ ఆ హాలు, మళ్ళీ ఆ పాదాల పిలుపు: దిగులు కమ్మిన ఆ వసంతంలో అతడు దాచుకున్న ఆశ అదొక్కటే. ఆగస్టులో డ్రైవ్-ఇన్‌లో ప్రదర్శన ఉందని తెలిసినపుడు ముసుగు తీసి దులిపాడు. కౌశల్ అడ్డు చెప్పాడు.

"ఈసారికి నన్ను పోనీ బావా. ఎవరితో ప్రాక్టీసు చేశామో వాళ్ళతోనే ఆడాలంట, కరోనా రూలు. సెప్టెంబర్‌లో హాలు తీస్తున్నారు. హాల్లోకి నువ్వే."

సృజన్ నమ్మాడు. రూళ్ళు వారానికొకటి మారుతున్న కాలం. నమ్మక ఏం చేస్తాడు? ముసుగును చల్లని నీటిలో ఉతికి, ఊడిన ముక్కు దారం తిరిగి కుట్టి, తన చేతులతోనే ఇచ్చాడు.

ఇప్పుడు బరిలో ఎర్రని ముసుగు ఆడుతోంది. ఎదురుగా ఊవె, యాభై దాటినవాడు, ఊరికి ఇష్టమైన దుష్టుడు. కౌశల్ ప్రవేశంలో అడుగులు చక్కగా వేశాడు. నేర్పిన గర్వం సృజన్ పెదవులపైకి రాబోతుండగా, రేడియోలో వ్యాఖ్యాత గొంతు పెంచాడు.

"మిత్రులారా, ఈనాటిది మామూలు ఆట కాదు. ముసుగు పందెం. ఓడితే గండభేరుండం మీ ముందు ముఖం చూపాలి."

హారన్లు ఊపిరి లేకుండా మోగాయి.

గెలుపోటములు ముందే రాసి ఉంటాయి. ఎవరు పడాలో, ఎప్పుడు పడాలో, ఎలా పడాలో ఆడేవారికి ముందే తెలుసు. అంటే కౌశల్‌కు తెలుసు. నిన్న వంటగదిలో ముసుగు అందుకున్నపుడు తెలుసు. "ముక్కు బాగా కుట్టావు బావా" అన్నపుడు తెలుసు.

"ఏమైందిరా, అట్ల చెమటలు పడుతున్నయి?"

"ఏం లేదక్కా."

ఇంకా ఆశ చావలేదు. నడుమ ఒకసారి ఊవె వెల్లకిలా పడ్డాడు. రిఫరీ చేయి నేలను తట్టింది. ఊవె లేచాడు. మరికాసేపటికి కౌశల్ పడ్డాడు. ఎంతో అందంగా పడ్డాడు, అరచేతులు ముందు తాకేలా. రిఫరీ లెక్క ముగించాడు. మోకాళ్ళపై లేచి, రెండు చేతులూ వెనక్కు తీసుకెళ్ళి, కౌశల్ ముసుగు ముడి విప్పాడు. ఆ ముడిని ఎలా విప్పాలో చూపినవాడు సృజనే.

"భారతదేశం నుంచి, మన మాగ్డెబర్గ్ విద్యార్థి," అంది రేడియో. "కోషాల్!"

హారన్లు. హారన్లు. హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పారు, ఆర్పి వెలిగించారు. జనం అంతకాలం దాచి ఉంచిన ప్రేమంతా, ముఖం కోసం వేచి ఉన్న ప్రేమంతా, ఒక్కసారిగా ఒక ముఖం మీద వచ్చి వాలింది. అది మరొకరి ముఖం.

"కౌశల్‌గాడా!" మంగక్క వెనక్కు తిరిగింది. "నీకు తెల్సా?"

"తెల్సు."

మెడలోని గుడ్డ మాస్కు పైకి లాక్కుని సృజన్ తలుపు తెరిచాడు.

"దిగొద్దన్నరుగదరా," అంటున్న మంగక్క మాట అద్దం వెనుకనే ఉండిపోయింది.

కౌశల్ కూడా మాస్కు పెట్టుకుని, ముందు వరుస కార్ల దగ్గర దూరదూరంగా నిలబడుతూ, తల వంచుతూ, నమస్కరిస్తూ వస్తున్నాడు. ముసుగు అతని చేతిలో వేలాడుతోంది. సృజన్‌ను చూసి ఆగాడు.

"ఎప్పటిసంది తెల్సు?" అన్నాడు సృజన్.

"ఇక్కడొద్దు బావా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఎప్పటిసంది?"

"జూన్." కౌశల్ చూపు నేలమీద పడింది. "ముసుగుతో ఆడితే ఈ ఊరు దాటవు, మొహంతో ఆడితే బ్రెమెన్‌లో పెద్ద బృందానికి పంపిస్తానన్నాడు మేనేజరు. కంపెనీలో థీసిస్ కాంట్రాక్టు ఏప్రిల్‌లో పోయింది నాకు, చూశావుగా. ఏం పట్టుకుని ఉండమంటావు ఇక్కడ?"

"నన్ను ఒక్క మాట అడగకపోతివి."

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నీకు పేరు వద్దు బావా. సెమినార్‌లో పరిచయం చేసుకోమంటే నీ పేరు కూడా నాతోనే చెప్పించేవాడివి. నీకు అక్కర్లేనిదే కదా నేను తీసుకుంది." ముసుగు ముందుకు చాచాడు. "ఇదిగో, ఇది నీదే. ఉంచుకో."

సృజన్ చేయి కదలలేదు. ప్రాణం తీసి పీనుగును అప్పగిస్తున్నవానిలా కనిపించాడు కౌశల్.

పక్కనున్న చిన్న నీలం కారు అద్దం సగానికి దిగింది. లోపల వెండి జుట్టు ముసలావిడ ఒంటరిగా ఉంది.

"ఒక్క నిమిషం, కోషాల్ గారూ," అంది జర్మనులో. "మిమ్మల్ని ఒక సంగతి అడగాలని ఏడాదిగా అనుకుంటున్నాను. మా ఆయన పోయాక, కిందటేడు వసంతంలో, తొలిసారి ఒక్కదాన్నే వచ్చాను. అలవాటుగా రెండు టికెట్లు కొన్నాను. పక్క కుర్చీలో ఆయన టోపీ పెట్టుకున్నాను. మీరు బరిలోకి వెళ్తూ వెళ్తూ ఆగి, ఆ టోపీ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కాసేపు కూర్చున్నారు. హాలంతా మీకోసం ఆగింది. ఎందుకు కూర్చున్నారు?"

ఆ వసంతంలో కౌశల్ ఇంకా ముసుగు ముట్టనైనా లేదు. అతడు ఒక్క క్షణం తడబడ్డాడు, ఒక్క క్షణమే.

"గుర్తుంది," అన్నాడు. "మీరు చాలా బాధలో కనిపించారు. అందుకే కూర్చున్నాను."

అంతవరకు సృజన్ అన్నీ ఓర్చాడు. ముసుగు గుడ్డ; పోతే పోయింది. అడుగులు నేర్పితే వచ్చేవి, నేర్పింది తానే. హారన్లు ఎవరి కోసం మోగితేనేం, రేపటికి మరొకరి కోసం మోగుతాయి. కానీ ఆ కుర్చీ? ఆ కుర్చీలో కూర్చున్న క్షణాన్ని కూడా వీడు ఇంత సులువుగా, ఇంత మెత్తగా, తన జేబులో వేసుకోగలడా?

"మీరు బాధలో లేరు," అన్నాడు సృజన్. అతని జర్మను తొట్రుపడింది, ఆగలేదు. "మీరు నవ్వుతున్నారు. ఆ టోపీతో మాట్లాడుతున్నారు. నేను దగ్గరికి వచ్చేసరికి, 'ఇదిగో వచ్చాడు, చూడు' అని టోపీకి చూపించారు. పెద్దవాళ్ళు ఇద్దరు పిలిచాక ఆగకుండా ఎలా పోతాను?"

ముసలావిడ చేయి స్టీరింగు మీద బిగిసింది. కౌశల్ ముఖాన్ని చూసింది. మాస్కు పైన కనిపిస్తున్న సృజన్ కళ్ళను చూసింది.

"ఆ మాట నేను గుసగుసగా అన్నాను," అంది. "నా పక్కకు వచ్చినవారికి తప్ప వినబడదు." ఆమె కౌశల్ వైపు తిరగలేదు. "మీరెవరు?"

"బావా, వద్దు," అన్నాడు కౌశల్ తెలుగులో, పళ్ళ మధ్య నుంచి. "నా బతుకు పోతుంది."

సృజన్ అతని వైపు చూడలేదు. మాస్కు లోపల పెదవులు కదిలాయి. మాట గుడ్డలోనే ఇంకిపోయింది.

"నాకు వినబడలేదు, నాయనా," అంది ముసలావిడ, అద్దం మొత్తం దించుతూ. "కొంచెం గట్టిగా చెప్పు."

అతడు మాస్కు కిందికి లాగాడు. ఆగస్టు గాలి ముఖాన్ని తాకింది. వెనుక ఎక్కడో చివరి హారన్ ఒకటి మోగి ఆగింది.

"సృజన్," అన్నాడు. "నా పేరు సృజన్."