తింగీ చిగిర్చిన పల్లం

ఎండ కాస్త వాలగానే జుల్మీరా రేకు డబ్బా తీసుకుని కొట్టేది. ఆ చప్పుడుకు, తెల్లడవి అని పిలిచే ఆ ముళ్ళడవిలో ఎక్కడో ఒక మెడగంట కదిలేది. దాని వెనక నాలుగైదు. కాసేపటికి అడవికి అడవే మోగుతున్నట్టుండేది. ఆకన్నది లేక బూడిదరంగు తేలిపోయిన చెట్ల మధ్య నుంచి మేకలు ఒక్కొక్కటే బయటపడేవి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నా తల మాత్రం దించకుండా, దొడ్డి ముందున్న తొట్లవైపు వచ్చేవి.

బయియా రాష్ట్రంలోని ఆ మెట్టకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నదే. అయినా ఆమెకు అది పాతబడలేదు. ఏమీ లేని అడవిలో ఇన్ని ప్రాణాలు పొద్దంతా ఏం తిని నిలబడ్డాయా అని రోజూ నోరు తెరుచుకుని చూసేది.

"రాలిన ఆకు తింటాయి, బెరడు తింటాయి, ఆరేసిన నా చొక్కా కూడా తింటాయి," అనేవాడు ఆమె మొగుడు ఒటాసిలియో. "అందులో అంత ఆశ్చర్యపోడానికి ఏముందే?"

"నిన్ను పస్తు పెట్టి అడవిలోకి తోలితే తెలుస్తుంది ఏముందో," అనేది జుల్మీరా.

వాన మొహం చాటేసి అది వరసగా మూడో ఏడు. అడవి మేత ఒక్కదానితో మంద గట్టెక్కేలా లేదు. అందుకని ఒటాసిలియో పొద్దున్నే వెళ్ళి మందకారు కొమ్మలు నరికి తెచ్చేవాడు. చెట్టంత ఎత్తు పెరిగే జెముడు అది, ఒళ్ళంతా వేలెడేసి ముళ్ళు. మంట మీద అటూ ఇటూ దొర్లించి ముళ్ళు కాల్చేస్తే లోపలి పచ్చి కండ మేకలకు పనికొచ్చేది. జుల్మీరా ఇంటి వెనక పెంచిన ముళ్ళులేని నాగజెముడు మట్టలు ముక్కలు కోసేది. జెముడొక్కటే పెడితే మేకలు పారుకుంటాయి. కాబట్టి అందులో దంచిన సర్కారుతుమ్మ కాయలూ, వానలున్న రోజుల్లో కోసి ఎండబెట్టి దాచిన ఆకూ కలిపేది. చూలు మేకలకు ఒక దోసెడు ఎక్కువ. అవి కడుపారా తినవు, తినేంత ఆమె దగ్గర లేదు. కానీ మర్నాడు మళ్ళీ అడవిలో నడిచే బలం మాత్రం వచ్చేది.

ఆ అడవికి కంచె లేదు, ఫలానా వాళ్ళదని లేదు. చుట్టుపక్కల ఇళ్ళ మేకలన్నీ అందులోనే కలిసి మేసేవి. అందులో ఎక్కువ మేకలు ఫిర్మీనోవి. వరసకు ఒటాసిలియోకు తమ్ముడవుతాడు. తోలు టోపీ, తోలు కోటు వేసుకుని ముళ్ళపొదల్లో గుర్రాన్ని దూకించి పారిపోయిన ఎద్దును తోక పట్టుకుని పడగొట్టే మనిషి. ఆ రోజుల్లో ఆ రెండిళ్ళకూ మాటల్లేవు. ఎండాకాలం మొదట్లో ఫిర్మీనో కుక్కలు జుల్మీరా మేకపిల్లను చీల్చేశాయి. అడగడానికి వెళ్తే, "కుక్కన్నాక కరవదా వదినా, పాట పాడుతుందా?" అని నవ్వాడు. ఆ నవ్వే ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఒక సాయంత్రం ఎక్కడినుంచో మబ్బొచ్చి వాన కురిసింది. పెద్ద వాన కాదు, నేల తడిసి మట్టివాసన లేచేంత. ఒటాసిలియో వాకిట్లో నిలబడి నోరు తెరిచి చినుకులు తాగాడు. జుల్మీరా మరియమ్మ పటం ముందు కొవ్వొత్తి వెలిగించింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి.

ఆ మబ్బుల్లోనే ఒకరోజు ఆమె ఎప్పటిలాగే డబ్బా కొట్టింది. ఒక్క గంటా కదల్లేదు. మళ్ళీ కొట్టింది.

"పచ్చివాసన తగిలుంటుంది వాటికి," అన్నాడు ఒటాసిలియో, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "ఇంక నీ కాల్చిన జెముడు ఎవరిక్కావాలి?"

జుల్మీరా చేతిలో డబ్బా అలాగే ఆగిపోయింది.

"పచ్చదనం ఎక్కడుందయ్యా? చెట్లన్నీ ఇంకా ఎండుకట్టెల్లాగే ఉన్నాయి కదా."

అతను పుల్ల పారేశాడు. మొదటి చినుక్కే, అన్ని మొక్కలకంటే ముందు చిగురేసేది తింగీ అని ఆ మెట్టలో అందరికీ తెలుసు. నున్నటి తీగమొక్క, ఆకు నిగనిగలాడుతుంది. తిన్న మేక వెంటనే చావదు. మామూలుగా నిలబడుతుంది, నెమరు వేస్తుంది. దాన్ని తరిమినా, బెదిరి అదే పరుగెత్తినా గుండె ఆగి పడిపోతుంది. కదలనివ్వకుండా కొన్నాళ్ళు వదిలేస్తే విషం విరిగి బతుకుతుంది.

ఇద్దరూ తింగీ ఎక్కువగా మొలిచే పల్లంవైపు నడిచారు. అక్కడే ఉంది మంద మొత్తం. వాళ్ళవి, ఫిర్మీనోవి, మిగతావాళ్ళవి. చుట్టూ బూడిదరంగు అడవి, నడిమధ్యన ఆ పల్లం ఒక్కటే లేత పచ్చగా, చూస్తే కళ్ళు చల్లబడేలా ఉంది. మూడేళ్ళుగా అంత పచ్చదనం చూసి ఎరగదు జుల్మీరా. ఎంత బాగుందో అనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్ళు జలదరించింది.

"ఉష్, గట్టిగా నడవకు," అంది మొగుడితో.

అప్పుడే అవతలి గట్టు మీద గుర్రం కనిపించింది. ఫిర్మీనో. వెనక రెండు కుక్కలు.

"ఫిర్మీనో! ఆగక్కడ! తింగీ తిన్నాయి, తోలొద్దు!" అని చెయ్యి ఊపింది.

"తిన్నాయి కాబట్టే తోలుకెళ్తున్నా వదినా! ఇక్కడే ఉంచితే ఇంకా తింటాయి!"

"పరుగెత్తిస్తే చస్తాయయ్యా!"

"నాకా మేకలు తోలడం నేర్పుతున్నావు?" అంటూనే గుర్రాన్ని గట్టు దింపాడు. కుక్కలు మొరుగుతూ ముందుకు దూకాయి. మేకలు ఒక్కసారిగా చెదిరాయి. అన్నిటికంటే ముందు ఫిర్మీనో మేకపోతు, మెడనిండా జూలున్న నల్లటి పోతు, నాలుగు దూకులు దూకింది. అయిదో దూకులో గాల్లో ఉండగానే కాళ్ళు బిగుసుకుపోయి, రాయి పడ్డట్టు పడింది. దాని వెనక మరో రెండు. అరుపు లేదు, గింజుకోడం లేదు.

ఫిర్మీనో కళ్ళెం లాగి పట్టాడు. గుర్రం వెనక్కాళ్ళ మీద కూలబడినంత పని చేసింది. ఈలవేసి కుక్కల్ని పిలిచి, దిగి, వాటిని కోటు కింద అదిమిపట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన మేకలు కొంచెం దూరం పోయి నిలబడిపోయాయి. జుల్మీరా వాటి కాళ్ళవైపే చూస్తోంది. ఇంకోటి పడలేదు.

చాలాసేపటికి ఫిర్మీనో కుక్కల్ని దూరంగా చెట్టుకు కట్టేసి, టోపీ చేతిలో పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. చచ్చిన పోతు పక్కన ఆగి దాని కొమ్ము నిమిరాడు.

"తోలితే చస్తాయి. వదిలేస్తే ఇంకా తిని చస్తాయి," అన్నాడు. "ఏం చేద్దాం వదినా?"

ఆమెకు కోపం వచ్చిన మాట నిజమే. నాలుక చివరిదాకా వచ్చింది ఓ మాట. కానీ అతని మొహం చూసి మింగేసింది.

"కడుపు నిండుంటే తింగీ జోలికి అంతగా పోవు. వాటి మేత ఇక్కడికే మోసుకొద్దాం. నీళ్ళు కూడా. మెల్లిగా ఈ తీగంతా పెరికేద్దాం."

"ఇన్ని మేకలకా? నీ దగ్గరున్నది నీ వాటికే చాలదు కదా."

"నీ దగ్గరుంది కదా, నాగజెముడు తోట."

ఫిర్మీనో టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. వచ్చే ఏడాదికని దాచుకున్న తోట అది. "నరికేద్దాం," అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే మేత మోయడం మొదలైంది. కబురు అందినవాళ్ళంతా వచ్చారు. మోటారు సైకిళ్ళు దూరంగా ఆపేసి, గాడిదల మీద, నెత్తుల మీద మట్టలూ, కాల్చిన మందకారూ, తుమ్మకాయల గోతాలూ, నీళ్ళ డబ్బాలూ తెచ్చారు. పల్లంలో అడుగు పెట్టగానే అందరి గొంతులూ తగ్గిపోయేవి. మెడగంటల్లో ఆకులు కుక్కి నోళ్ళు మూశారు. ఎవరి మేక ఎవరిదని చూడలేదు. ఏది దగ్గరుంటే దాని ముందు దోసిలి పట్టారు. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ తింగీ తీగలు పెరికి మూటలు కట్టారు.

"గుర్రం దిగిన ఫిర్మీనోని చూడటం ఇదే మొదలు," అని గొణిగాడు ఒటాసిలియో. "నేలమీద ఇంత పొట్టిగా ఉంటాడనుకోలేదే!"

"వినపడింది అన్నా," అన్నాడు ఫిర్మీనో, నెత్తిమీద మోపు దించుకుంటూ.

"వినపడాలనే అన్నాలే. ఈ గోతం కొన పట్టుకో."

కర్రపెండలం పిండి, బెల్లం, కాఫీ. అవే తిండి. వంతులవారీగా ఇళ్ళకు పోయి వచ్చారు. అప్పుడప్పుడు తింగీ మరీ ఎక్కువ తిన్న మేక ఒకటి ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలి చచ్చేది. మిగతావి నిలబడే ఉన్నాయి.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అసలు మబ్బు పట్టింది. కొండ అంచున నీలంగా మొదలై, ఆకాశం మొత్తం కమ్ముకొచ్చింది. మూడేళ్ళుగా దేన్నయితే మొక్కుకుంటూ వచ్చారో అది ఎదురుగా వస్తుంటే జనం మొహాల్లో నెత్తురు లేదు. ఒక్క పిడుగు పడితే చాలు, మంద చెదిరి పరుగు పెడుతుంది.

"పట్టుకోండి," అంది జుల్మీరా. "అందినంతవరకు పట్టుకోండి."

ఒక్కొక్కరూ రెండేసి మేకల మధ్య కూర్చుని మెడల చుట్టూ చేతులు వేశారు. అందనివి ఇంకా ఎన్నో. జుల్మీరా ఒక చూలు మేకను ఒళ్ళోకి లాక్కుంది. అరచేతి కింద దాని గుండె తడబడుతూ కొట్టుకుంటోంది. ఇంకొంచెం కింద, పొట్టలో, పిల్ల కాలు కదిలింది.

మొదటి ఉరుముకు మంద మొత్తం వణికింది. అప్పుడు ఫిర్మీనో గొంతెత్తాడు.

పశువుల్ని తోలేవాళ్ళు పాడే పాట అది. మాటలుండవు, ఒకటే సాగదీసిన రాగం. సంతలకు మందల్ని నడిపేటప్పుడు పాడతారు. ఎద్దులు ఆ రాగానికి తల వంచి నడుస్తాయి. మేకలకు ఎవరూ పాడరు. ఫిర్మీనో లోగొంతుకతో మొదలుపెట్టాడు. ఉరుము వచ్చినప్పుడల్లా దాని కిందకు దిగి, అది పోగానే మళ్ళీ పైకి తెచ్చేవాడు. వాన మొదలైంది. చినుకులు కావు, ధారలు. మెరుపు మెరిసినప్పుడల్లా మేకలు కనిపించేవి, చెవులన్నీ ఒకేవైపు తిప్పి, ఆ గొంతువైపు. పక్క గట్టు మీద పిడుగు పడి ఎండుచెట్టు భగ్గుమంది. జుల్మీరా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మంద ఉన్నచోటే ఉంది. ఒక్కటి, ఒకే ఒక్కటి అంచున పరుగెత్తి పడింది. మిగిలినవన్నీ వానలో తడుస్తూ నిలబడి వింటున్నాయి. జుల్మీరా తనలో తనే ఏదో గొణుక్కుంది. ఏడుపో, ప్రార్థనో ఆమెకే తెలియలేదు. ఈ లోకంలో తనకు తెలిసింది గోరంత అనిపించింది.

వాన వెలిసేదాకా ఆ రాగం ఆగలేదు. ఆ తర్వాత రెండు రోజులు ఫిర్మీనోకు గొంతు పెగల్లేదు.

మేకలు వాటంతటవే అటూ ఇటూ గెంతడం మొదలుపెట్టాక, ఇక భయం లేదని తేల్చుకున్నాక, ఇంటిదారి పట్టించారు. ఎవరూ అదిలించలేదు. వాటి నడకే అందరి నడక.

గట్టెక్కాక జుల్మీరా తలెత్తి చూసి నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ చూపంతా మేకల కాళ్ళ మీదే పెట్టిందేమో, అడవి సంగతే పట్టలేదు. ఆ ఎండుకట్టెలన్నీ ఆకు తొడిగాయి. చివరి కొండదాకా పచ్చన. పొదల మీద తెల్లటి పూలు, వాటి చుట్టూ తేనెటీగల రొద. మూడేళ్ళు మట్టిలో దాక్కున్న కప్పలు ప్రతి గుంటలోనూ అరుస్తున్నాయి. చూలు మేక ఒకటి ఆగి, ఒక లేత కొమ్మ విరుచుకుని, నమిలి, ముందుకు సాగింది.

ఒటాసిలియో కూడా ఆగాడు. ఏదో అనబోయాడు.

"చెప్పవయ్యా," అంది జుల్మీరా. "ఆశ్చర్యపోడానికి ఏముందంటావా?"

అతను టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. వెనక ఫిర్మీనో బొంగురు గొంతుతో, పల్లం చుట్టూ కంచె వేసి తీరాలని, రాటలు తన గాడిద మోస్తుందని చెబుతున్నాడు. జుల్మీరా సరేనంది. చూపు మాత్రం అడవి మీంచి తిప్పలేదు. మేకలు ఆమెను దాటి ఆ పచ్చదనంలోకి ఒక్కొక్కటే నడిచిపోయాయి.